కుడి మోకాలి కట్టు

వాడి తల కోసింది నేనే. అమలాపురంలో మా కాలేజీ గేటు పక్కన పెద్ద అడ్మిషన్ల ఫ్లెక్సీ ఉండేది. దాని మీద మా కబడ్డీ జట్టు ఏడుగురం భుజాల మీద చేతులు వేసుకుని నవ్వుతూ ఉండేవాళ్లం. ఆ ఏడుగురిలో ఒకడు టీసీ తీసుకుని వేరే కాలేజీకి వెళ్లిపోయాడని తెలిసిన రోజు, మా వ్యాయామ అధ్యాపకుడు, అంటే మేము పీడీ సారు అనే ఆయన, నా చేతిలో బ్లేడు పెట్టి "ఎక్కి ఆ ముఖం తీసెయ్యి రా" అన్నారు. ఇంకెవరికైనా చెప్పొచ్చు. నాకే ఎందుకు చెప్పారో నాకు తెలుసు. ఫొటోలో వాడి భుజం మీద ఉన్న చెయ్యి నాది.

నిచ్చెన ఎక్కి మెడ దగ్గర మొదలుపెట్టాను. ఒళ్లు తెలియని కోపంలో బ్లేడు జారి నా బొటనవేలు కూడా తెగింది. కింద నిలబడ్డవాళ్లు ఈలలు వేశారు. ముఖం ఊడి వచ్చాక దాన్ని నలిపి మురిక్కాలవలో పడేశాను.

వాడిది కొత్తపేట దగ్గర పల్లెటూరు. నాది అంబాజీపేట పక్కన. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు గాని, కాలేజీలో చేరిన రోజు నుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్లం. కోర్టులో వాడు చివర నిలబడే కార్నరు, నేను వాడి పక్కన కవరు. అవతలివాడు కూతకు వచ్చినప్పుడు ఇద్దరం చేతులు పట్టుకుని కదలాలి. వాడు చెయ్యి బిగిస్తే ముందుకు, వదులు చేస్తే వెనక్కి. నోటితో చెప్పుకునే పనే ఉండేది కాదు. కూతకు వెళ్లడంలోనూ వాడే మొనగాడు.

మా జట్టులో ఒక పద్ధతి ఉండేది. ఎవరి మోకాలికి వాళ్లు కట్టు కట్టుకోకూడదు. కోర్టులో చెయ్యి పట్టుకునేవాడే కట్టాలి. సారు పెట్టిన నియమం కాదు, మాకు ముందు ఆడినవాళ్ల నుంచి వచ్చింది. సొంతంగా కట్టుకుంటే నొప్పికి జంకి వదులుగా చుట్టుకుంటాం. పక్కవాడైతే కనికరం లేకుండా లాగుతాడు. రెండేళ్లపాటు వాడి కుడి మోకాలికి నేనే కట్టాను. అందుకే ఆ చిప్ప ఎక్కడ పట్టు తప్పుతుందో, ఏ వైపు తిప్పితే వాడి ప్రాణం విలవిల్లాడుతుందో వాడి కన్నతల్లికి కూడా తెలియనంతగా నాకు తెలుసు.

మేము చేరిన కొత్తలో కాలేజీ జట్టంటే ఏముంది? పోటీలకు వెళ్తే టిఫిను, గెలిస్తే ఒక ట్రాక్‌సూటు, హాజరు తక్కువైనా పరీక్ష రాయనివ్వడం. చేరినవాడు మూడేళ్లూ అక్కడే ఆడేవాడు. టీవీలో కబడ్డీ ఆటగాళ్ల వేలాలు చూసీ చూసీ ప్రైవేటు కాలేజీలకు కొత్త బుద్ధి పుట్టింది. ఫీజు లేదు, హాస్టలు ఉచితం, నెలనెలా జీతం, చదువు మధ్యలో టీసీ మార్పించే తిప్పలన్నీ వాళ్లవే. కొబ్బరి మార్కెట్లో కాయ తట్టి చూసే వ్యాపారుల్లా ఏజెంట్లు మా గ్రౌండు గట్టు మీద కూర్చుని ఫోన్లలో వీడియోలు తీసుకునేవాళ్లు. మా సారు వాళ్లను బండబూతులు తిట్టేవారు. తిడుతూనే పక్క కాలేజీ నుంచి ఇద్దర్ని లాక్కొచ్చారు.

వాడి తండ్రి కొబ్బరి దింపు తీసేవాడు. వాడు కాలేజీ మారడానికి ముందు వేసవిలో చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, నాతో ఒక్క మాట చెప్పకుండా వెళ్లాడన్న మంటలో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చలికాలంలో రాజోలులో కాలేజీల మధ్య పోటీలు పెట్టారు. సెమీ ఫైనల్లో మాకు రాజమండ్రి వైపు కాలేజీ తగిలింది. వాడు చేరిన కాలేజీ అదే. ముందు రోజు సాయంత్రం సారు నన్ను పక్కకు పిలిచారు.

"వాడికి లోపమేదైనా ఉందేంట్రా?"

"కుడి మోకాలండి. లోపలికి తిప్పితే లేవలేడండి."

ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆగలేదు నేను. సారు నా వీపు తట్టి, "రేపు కార్నరు నువ్వే" అన్నారు. చాలా సంతోషం వేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే వేసింది.

మర్నాడు ఆట మొదలయ్యే ముందు వాడు తిన్నగా మా బెంచీ దగ్గరికి వచ్చాడు. కొత్త జెర్సీ, కొత్త బూట్లు, చేతిలో బ్యాండేజీ చుట్ట. మావాడొకడు వాడి కాళ్ల దగ్గర ఉమ్మాడు. ఇంకొకడు "అమ్ముడుపోయిన ఎద్దొచ్చింది రోయ్" అన్నాడు. వాడు తల కూడా తిప్పలేదు. నా ముందు కూర్చుని కుడికాలు చాపాడు.

"బావా, కట్టవా? అక్కడ ఎవడిది వాడే కట్టుకుంటాడ్రా. నాకు కుదిరి చావట్లేదు."

ఆట ముందు శత్రువుకు మోకాలు అప్పగించే తెలివితక్కువ పని మా జట్టులో ఆడినవాడు తప్ప భూమ్మీద ఇంకెవడూ చెయ్యడు. పోరా అనొచ్చు. వదులుగా చుట్టి వదిలెయ్యొచ్చు. నా చేతులు వాటంతట అవే పనిలో పడ్డాయి. చిప్ప కింద రెండు చుట్లు, పైన రెండు, అడ్డంగా ఒకటి, చివర కొస పట్టుకుని ఒక్క లాగు. వాడు పళ్లు బిగించి, "ఆయ్, అదీ కట్టంటే" అన్నాడు. మీ నాన్నకెలా ఉందని అడగాలనిపించింది. అడగలేదు.

ఆ తరవాత జరిగింది ఆట కాదు. మొదటి పది నిమిషాల్లోనే వాళ్ల కూతగాడి మడమ తగిలి మావాడి పెదవి చీలింది, పన్ను ఊడి మట్టిలో పడింది. బదులుగా మేము వాళ్లలో ఇంకొకణ్ణి ఎత్తి గీత అవతల విసిరేశాం. మోచెయ్యి బెణికి అతను అరుస్తుంటే జనం కేరింతలు కొట్టారు. రిఫరీ విజిల్ ఊదీ ఊదీ అలిసిపోయాడు.

అప్పుడు నేను కట్టు కట్టినవాడు కూతకు వచ్చాడు. నా వైపే వచ్చాడు. నేను పక్కవాడి చెయ్యి బిగించాను. వాడి చూపు ఆ బిగిసిన చేతి మీద పడింది. నేను దూకుతానని వాడికి తెలుసు. తెలిసినా కుడికాలు చాచాడు. దూకి రెండు చేతులతో మడమ పట్టేశాను. మిగతావాళ్లు ముగ్గురు వాడి వీపు మీద పడ్డారు. కూత ఆగింది, విజిల్ మోగింది. పట్టు అయిపోయింది, పాయింటు మాది. విజిల్ నాకు స్పష్టంగా వినిపించింది. వినిపించిన తరవాతే ఆ కాలు లోపలికి తిప్పాను.

పచ్చి కొబ్బరిమట్ట విరిచినట్టు చప్పుడొచ్చింది. నేను కట్టిన కట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ వెంటనే రెండు జట్లూ కలబడ్డాయి. కుర్చీలు లేచాయి. ఎవడో జెండా కర్రతో నా వీపు మీద బాదాడు. ఇంకొకడు జుట్టు పట్టి నా తల నేలకు కొట్టాడు. నోట్లో మట్టీ నెత్తురూ నిండిపోయాయి. అంత గోలలోనూ పక్కనే పడి ఉన్న వాడి మాట వినబడింది. తిట్టు కాదు, శాపం కాదు.

"బావా, విజిల్ వేసేరు కదరా."

గొడవ సద్దుమణిగాక ఆట మళ్లీ సాగింది. మేము గెలిచాం. మావాళ్లు నన్ను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు.

తరవాత కొన్ని రోజులకు ఒక ఫోను వచ్చింది. ఎంతో మర్యాదగల గొంతు.

"మీరు పట్టిన పట్టు వీడియోలో చూసేమండి. చాలా బాగుందండి. మా జట్టులో కార్నరు ఖాళీ అయ్యిందండి. మీరు వస్తారాండి?"

ఎలా ఖాళీ అయ్యిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆడలేనివాడికి జీతం ఆపేశారని, పెట్టె సర్దించి ఇంటికి పంపేశారని అప్పటికే విన్నాను. ఛీ అని ఫోను పెట్టేశానని రాయాలని ఉంది. ఆలోచించి చెబుతానండి అన్నాను. ఆలోచించింది ఒక్క పూట.

టీసీ చేతికొచ్చాక బ్యాగు భుజాన వేసుకుని రాజమండ్రి బయలుదేరి, మనసొప్పక కొత్తపేటలో దిగి వాడి ఇంటికి వెళ్లాను. అరుగు మీద రెండు మంచాలు. ఒకదాని మీద తండ్రి, ఇంకోదాని మీద వాడు. వాళ్లమ్మ నాకు కాఫీ ఇచ్చి, "ఆటలో జారిపడ్డాడంట బాబూ. పక్కన నువ్వుండుంటే పడనిచ్చేవాడివా?" అంది. వాడు ఇంట్లో చెప్పింది అదన్నమాట.

ఆవిడ లోపలికి వెళ్లాక నోరు తెరవబోయాను. వాడు అప్పటికే గుమ్మం దగ్గర పెట్టిన నా బ్యాగు చూశాడు. ఏం చెప్పక్కర్లేకపోయింది. మంచం పక్కనున్న చేతికర్ర తీసి నా భుజం మీద ఒక్కటి కొట్టాడు. ఎముక జివ్వుమంది. ఇంకోటి కొడతాడని, కొట్టాలని ఎదురుచూశాను. చప్పుడు విని వాళ్లమ్మ తొంగి చూసింది.

"ఏం లేదమ్మా, కర్ర జారింది" అన్నాడు.

ఆవిడ వెళ్లాక దిండు కింద నుంచి బ్యాండేజీ తీశాడు. రాజోలులో నేను కట్టినదే. ఉతికి చుట్ట చుట్టి ఉంది.

"కాలు చాపు. అక్కడ ఎవడూ కట్టడు. ఎలా కట్టుకోవాలో చూసి నేర్చుకో."

వంగలేక మూలుగుతూ నా మోకాలికి కట్టాడు. నేను వాడికి కట్టినదానికంటే గట్టిగా కట్టాడు. చివరి లాగుకి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. క్షమించమని అడగడం అప్పుడైనా చేతకాలేదు. బస్సు రావులపాలెం చేరేసరికి కాలు మొద్దుబారిపోయింది. విప్పలేదు.