గాలి కౌలు

మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, రెండు రోజుల ముందు మా హలీమాపా ఫోన్ చేసింది. ఆపా అంటే మా ఇళ్లలో అక్క, అబ్బా అంటే నాన్న. మర్రిగూడ మండలంలో ఒక పల్లెలో, మా అబ్బా వదిలిపోయిన మెట్ట చెలక మీద ఇన్నేళ్లుగా వ్యవసాయం చేస్తోంది. బావ పోయాక కూడా మానలేదు. ఒక్కగానొక్క బిడ్డ కేతేపల్లిలో అత్తగారింట్లో ఉంది. ఆపా ఫోన్ చేసిందంటే ముందు తిట్లు, తర్వాత క్షేమ సమాచారం. ఆ రోజు మాత్రం సూటిగా విషయానికి వచ్చింది.

“తమ్మి, చెలకను గాలి కౌలుకు ఇస్తున్న. పట్టాల నీ పేరు గూడ ఉన్నది, నీ దస్కత్ గూడ కావాల్నట. వచ్చి పెట్టిపో.”

భూమి కౌలు నాకు తెలుసు. మామిడి తోట కౌలు, చెరువులో చేపల కౌలు కూడా తెలుసు. గాలి కౌలేమిటని అడిగాను. “వస్తె తెలుస్తది. ఫోన్ల పైసలు ఒడుస్తయి” అని పెట్టేసింది. ఈ కాలంలో ఫోన్‌లో మాట్లాడితే పైసలు అయిపోవని ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మదు.

మరునాడు పొద్దున ఆరింటికి మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో కల్వకుర్తి బస్సెక్కాను. నేను రిటైరైన బస్సు కండక్టర్ని. ఈ దారి మీదే సగం జీవితం గడిచింది. ఇప్పుడు బస్సెక్కితే చెయ్యి తనకు తానే చంక కింద సంచీ కోసం వెతుక్కుంటుంది. ఆడవాళ్లకు ఉచితం, జీరో టికెట్ వచ్చాక బస్సులో మగవాళ్లు చుట్టాల్లాగా ఒదిగి నిలబడుతున్నారు. ఇటువైపు వచ్చేవాళ్లకు నా సలహా ఒకటే, మొదటి బస్సే పట్టుకోండి. ఎండ ముదిరాక ఈ రేకు డబ్బాలో కూర్చోవడం శిక్ష. రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. ఈసారి మిరుగం గుమ్మంలోకి వచ్చినా రోళ్లు పగులుతూనే ఉన్నాయి.

జడ్చర్ల దాటాక నాకు సీటు దొరికింది. పక్కన నడివయసు రైతమ్మ, ఒళ్లో పత్తి విత్తనాల సంచి. వాన పడిందా అని అడిగాను.

“ఏడ పడ్డది? మొగులు కమ్ముతాంది, పోతాంది” అంది. మళ్లీ తనే అందుకుంది. “పోయినేడు వాన పడ్డనాడు యూరియా లేకపాయె. లైన్ల చెప్పులు పెట్టి కూసున్నం. సముద్రం అవతల్నో ఏడనో లడాయట, ఓడ రాలేదట. ఆ ఓడకు, మా ఊరికి ఏం సుట్టరికమో!”

వెనక సీటాయన నవ్వాడు. “వాళ్లు కొట్టుకుంటె మనకు దెబ్బలు తాకుతున్నయి గదమ్మ, అదే సుట్టరికం.”

కిటికీ బయటికి చూశాను. నేను డ్యూటీ చేసే రోజుల్లో ఈ దారికి రెండు పక్కలా ఆముదం, జొన్న, మధ్యలో కంది సాళ్లు. పంట చేతికొచ్చే కాలంలో బస్సు టాపు మీద ఆముదాల బస్తాలు ఎక్కించేవాళ్లు. లగేజీ టికెట్ అడిగితే, “నీ కాళ్లకు రాసుకోను నూనె పంపిస్త తియ్యి కండక్టరు సాబ్” అని వేళాకోళం చేసేవాళ్లు. ఒకావిడ నిజంగానే సీసా పట్టుకొచ్చి ఇచ్చింది. ఇప్పుడు అక్కడ పత్తి, పత్తి లేని చోట ప్లాట్ల హద్దురాళ్లు, రాళ్లు లేని చోట సోలార్ పలకలు. ఆ జొన్నచేల మీద వాలే పిట్టల గుంపులను తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

ఎనిమిది గంటలకు కల్వకుర్తి. బస్టాండ్ ఎదుటి హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిర్చి బజ్జీ తిన్నాను. ఉగ్గాని ఇంకా ఉగ్గానిలాగే ఉంది, ఆ పుణ్యం కట్టుకున్నందుకు ఆ వంటాయన చల్లగా ఉండాలి. గోడ మీద టీవీలో ఏదో ప్రపంచ సభ. కోట్లు వేసుకున్న పెద్దమనుషులు భూమి వేడెక్కుతోందని ఒకరి తర్వాత ఒకరు చెబుతున్నారు. ఒక పెద్ద దేశం ఒప్పందంలోంచి లేచిపోయిందట, ఇంకొక దేశం ముందు మీరు తగ్గించండి అంటోందట.

గల్లా మీద కూర్చున్నాయన చెమట తుడుచుకుంటూ, “ఆ హాల్ల ఏసీ బందు పెడితే ఒక్క పూటల ఒప్పుకుంటరు” అన్నాడు. నాకూ అదే న్యాయంగా తోచింది.

అక్కడ్నుంచి దేవరకొండ బస్సు, దేవరకొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సులో మాల్ అనే ఊరి దాకా, మాల్‌లో షేర్ ఆటో. ఆటోవాడు ఇంకో మనిషి ఎక్కితే తప్ప కదలనని మొండికేశాడు. ఆ ఇంకో మనిషి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దారి సంగతి ఎందుకు చెబుతున్నానంటే, గొడుగు, నీళ్లసీసా లేకుండా ఎవరూ ఈ ఆటో కోసం నిలబడకండి.

ఆపా గుమ్మంలోనే కూర్చుని ఉంది. మోకాళ్లు పట్టుకుని లేచింది. అది మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యం. ఇప్పుడు నల్లాల్లో మంచినీళ్లు వస్తున్నాయి. కానీ వంగిన నడుము నల్లా తిప్పితే లేస్తుందా?

“ఎండల ఒచ్చినవ్, మందలిచ్చే అక్క లేదనుకున్నవా? ముంగట కాళ్లు కడుక్కో” అని కసిరింది. జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రేపు మిరుగం కాబట్టి చేపలు రేపట. మిరుగం నాడు చేపముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా దగ్గు తప్పదని మా పల్లెలో హిందువులూ తురకలూ అందరూ నమ్ముతారు.

తిన్నాక అప్పుడు చెప్పింది గాలి కౌలు సంగతి.

“దూరదేశపోళ్లు విమానాలు, ఫ్యాక్టరీలు నడుపుతరట. ఆ పొగకు భూమి కాగుతాందట. వాళ్లు పొగ బందు పెట్టరట. దాని బదలు ఒక కంపెనీతోని మన చెలకల చెట్లు పెట్టిస్తరట. ఇరవై ఏండ్లు కొట్టద్దు, మేపద్దు, దున్నద్దు. చెట్టు పీల్చిన గాలికి మనకు ఏడాదికింత ఇస్తరు. ఊర్ల అందరూ ఇచ్చిన్రు.”

గాలి కౌలన్న పేరు ఊరివాళ్లే పెట్టుకున్నారు. కంపెనీ వాళ్లు ఏదో ఇంగ్లీషు పేరు చెబితే నాలుక తిరగలేదు.

పొద్దు వాలుతుండగా ఇద్దరం చెలకకు నడిచాం. కింది చెక్కలో, అంటే దున్నే ముక్కలో, నిరుటి పత్తికట్టె ఎండి నిలబడి ఉంది. పై చెక్క మాత్రం నా చిన్నప్పుడు ఎట్లుండేదో అట్లే ఉంది. సీతాఫలం పొదలు, మోదుగులు, గట్టు పొంటి తంగేడు. పొదల కింద మా ఊరి కాపరి యాదయ్య గొర్లు నిలబడి ఉన్నాయి. యాదయ్య వాళ్ల నాయిన, మా అబ్బా జోడీ. ఏటా వానలకు ముందు మా చెలకలో మంద పెట్టేవాళ్లు. అంటే రాత్రిళ్లు గొర్లను చెలకలో ఆపితే, వాటి పెంటికలే ఎరువు. బదులుగా అబ్బా జొన్నలు కొలిచేవాడు, పంట లేనన్నాళ్లు గొర్లు పై చెక్కలో మేసేవి. నేను, ఆపా మంద పక్కనే గొంగడి మీద పడుకునేవాళ్లం. ఆ గొర్రెల వెచ్చని వాసన, అబ్బా బీడీ వాసన కలిసి వచ్చేది. బడిలో పిల్లలు నా దగ్గర గొర్రె వాసన వస్తోందని నవ్వినా నాకు కోపం రాలేదు. ఇప్పుడు ఎక్కడైనా బస్సులో గొర్ల కాపరి ఎక్కితే పక్కన సీటు ఇచ్చి కూర్చోబెట్టుకుంటాను.

యాదయ్య దగ్గరికి వచ్చాడు. “మంచిదేనా అన్నా? అక్క, మీరు గూడ ఇస్తె మంద ఎటు తోలాలె? ఊరు చుట్టూ కంచెలే ఆయె. ఇగ కొన్ని అమ్ముకుంట.”

నేను ఆగలేకపోయాను.

“యూరియా కోసం చెప్పులు లైన్ల పెట్టే కాలంల, ఇంటి ముందటి ఎరువును పంపించేస్తవా ఆపా? అబ్బా ఉంటే ఈ పని చేస్తుండెనా?”

“అబ్బా నడుము మంచిగుండె” అంది ఆపా. “పోయినేడు రెండుమాట్ల విత్తనం పెట్టిన. మొదటిది మట్టిలనే మాడిపాయె. రెండోది మొలిచినంక మునిగిపాయె. వాన ఎప్పుడొస్తదో మిరుగానికే తెల్వకుంటయింది, నాకేం తెలుస్తది? నీకు యాది చేసుకునుడు, నాకు చేసుడు.”

ఇద్దరం ఇంటికొచ్చాం. ఆమె మీద కోపం లేదు నాకు. ఎవరి మీదో తెలియని కోపం ఉంది, దాన్ని దించుకునే జాగా కనిపించలేదు.

తెల్లారి తొమ్మిదింటికి కంపెనీ మనిషి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. పేరు శ్రీను, నెమ్మదస్తుడు. మేళ్లచెరువు అతనిది. “మా ఊరి నిండ సిమెంటు ఫ్యాక్టరీలే సార్. పొగ కింద పుట్టిన, పొగ లెక్కలనే నౌకరీ దొరికింది” అని తనే నవ్వాడు. చెలక చూపించడానికి తీసుకుపోయాం. పై చెక్కలో నిలబడి, పొదలన్నీ కొట్టించి గుంతలు తీయిస్తామన్నాడు.

“చెట్లు పెట్టేందుకు చెట్లు కొడతారా?” అన్నాను.

“ఉన్న చెట్లు లెక్కల పట్టవు సార్. కొత్తగ పెట్టినవే పడతయి. కాయిదంల ఇది ఖాళీ జాగ.”

“ఖాళీ అని ఎవరు చెప్పారు?”

“అక్కనే. ఈడ ఏముందని అడిగితే, పడావు అన్నది.”

ఆపా నా వైపు చూసింది. నిజమే, మేము దాన్ని పడావు అనే అంటాం. కానీ మా నోట పడావు అంటే ఖాళీ అని కాదు, దున్నకుండా పండుకోబెట్టిన నేల అని. అందులో గడ్డి ఉంటుంది, గొర్లు ఉంటాయి, కార్తీకంలో గంపలకొద్దీ సీతాఫలాలు ఉంటాయి. ఈ మాట శ్రీనుకు చెప్పాను. అతను ఒప్పుకున్నాడు. “తెలుసు సార్, మాకూ ఉండె పడావు. గని పైనోళ్లకు ఆ మాట లేదు.”

నాకు ఒళ్లు మండింది. లోకమంతా పొగ చేసినవాళ్లకు కొనుక్కునే హక్కు. వంద చెట్లు కొట్టకుండా కాపాడిన మా ఆపాకు మాత్రం జీరో టికెట్. ఇదేం లెక్క? దూరదేశం వాళ్లు మన గాలి కొన్నాక పొగ తగ్గిస్తారా అని అడిగాను.

“నిజం చెప్పాల్నంటే నాకు తెల్వదు సార్” అన్నాడు.

“అయితే నేను దస్కత్ పెట్టను.”

శ్రీను మర్యాదగా ఫోన్ వచ్చినట్టు పక్కకు పోయాడు. ఆపా గట్టు మీద కూలబడింది. చాలాసేపు గడ్డి పోచలు తెంపింది.

“తమ్మి, దూరదేశపోడు నా చెలకల చెట్టు ఉండాలంటడు. ఆడు పొగ ఇడుస్తనే ఉంటడు. నువ్వు నా చెలకల మంద ఉండాలంటవు. నువ్వు బస్సెక్కి పోతనే ఉంటవు. మీ ఇద్దరికీ నేనే కావలి. నాకు డెబ్బై ఏండ్లు దగ్గరికొచ్చె, నన్ను జర కూసోనియ్యరా?”

నోరు తక్కువ మనిషిని కాదు నేను. నేను ఉండి దున్నుతాను అనే ఒక్క మాటే ఆమెకు జవాబు. ఆ మాట నా నోట రాలేదు. శ్రీనును పిలిచి దస్కత్ పెట్టాను. ఆపా నా తర్వాత పెట్టింది, ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు, మెల్లగా.

మధ్యాహ్నం చేపల పులుసు తిన్నాం. బాగా కుదిరింది, బాగుందని చెప్పాను. ఆమె కూడా మామూలుగానే ఉంది. నాకు టిఫిన్ డబ్బాలో ముక్కలు కట్టి, “మీ ఇంటామెకు మిరుగం చేప నేను పంపిన్నని చెప్పు” అంది. యాదయ్య మంద దూరంగా రోడ్డు అంచున పోతుండడం గుమ్మంలోంచి కనిపించింది. ఇద్దరం చూశాం.

తిరుగు ప్రయాణంలో ఆటో వెంటనే దొరికింది. దేవరకొండలో బస్సెక్కేసరికి ఆకాశం నల్లబడింది. డిండి దాటాక వాన మొదలైంది. మిరుగం నాడే, పెద్ద పెద్ద చినుకులతో. బస్సంతా ఒక్కసారి పెళ్లిల్లయింది. తడుస్తున్నా ఎవరూ కిటికీలు మూయలేదు. మట్టి వాసన లోపలికొచ్చింది. మిరుగం కురిస్తే ముసలెద్దు కూడా రంకె వేస్తుందని ముందు సీటు ముసలాయన అంటే, “నువ్వెయ్యి తాతా ఒకటి” అని ఆడవాళ్లు ఆటపట్టించారు. నేనూ నవ్వాను. నాకు కడుపు నిండా సంతోషమూ కలిగింది, అంతే దుఃఖమూ కలిగింది. ఈ మెట్ట నేలను చూడాలనుకునేవాళ్లు ఇట్లాంటి రోజున రండి. ఎండకు మాడిన ఊళ్లన్నీ ఒక్క వానకే పాత రోజుల్లోలాగా కనిపిస్తాయి. అబ్బా కనిపిస్తాడు, ఆముదపు చేలు కనిపిస్తాయి. ఎక్కడో ఎవరో వదిలిన పొగకు, ఇక్కడ ఎవరో గుంతలు తీసుకుంటున్నారన్న సంగతి కాసేపు మర్చిపోతారు.

కల్వకుర్తి చేరుతుండగా ఆపా ఫోన్ చేసింది. వెనక రేకుల మీద వాన చప్పుడు.

“తమ్మి, ఈడ దంచి కొడతాంది. ఊరంత బయట్నే ఉన్నది.”

“ఇక నీకు విత్తనం ఫికర్ లేదు. కూర్చుని చూడు ఆపా” అన్నాను.

ఫోన్‌లో పైసలు ఒడుస్తాయని ఆమె ఈసారి పెట్టేయలేదు.

“కూసున్న తమ్మి” అంది. “గని చేతులు కూసుంటలేవు. వాన పడ్డది. ఇప్పుడు నేనేం చెయ్యాలె?”