అయ్యగారి పసుపుపచ్చ ట్యాబ్

నా ఇంజనీరింగ్ చదువు వల్ల లోకానికి ఏం ఒరిగిందో నాకు తెలియదు. భిలాయిలో మా ఖుర్సీపార్ తెలుగు చర్చికి మాత్రం, దాని పుణ్యమా అని, ఒక ఆదివారం నిండు ఆరాధన మధ్యలో ప్రసంగం ఆగిపోయింది. ఆపింది కరెంటు కాదు, సాతాను అంతకన్నా కాదు. నాలుగేళ్ళు కంప్యూటర్లు చదివి పట్టా పుచ్చుకున్న నేనే, శాంతిని. జరిగింది జరిగినట్టు చెబుతాను, నవ్వుకోండి. మా నాన్న ఎక్కడైనా ఎదురైతే మాత్రం ఈ ఊసెత్తకండి. ఇందులో తన తప్పు గోరంత కూడా లేదని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు, ఆ వాదన వినాలంటే మీరు భోజనం చేసి కూర్చోవాలి.

మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, వయసులో ఉండగా విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాకు పేర్లు పెట్టింది ఆయన, మా వాళ్ళ పెళ్ళిళ్ళు చేసింది ఆయన, నేను లెక్కల్లో తప్పినప్పుడు మా ఇంటికొచ్చి నాన్న చేతిలోంచి బెల్టు లాక్కున్నదీ ఆయనే. ఆయనలో లోపమంటూ ఒకటే, ప్రసంగం పొడుగు. గంట దాటినా మోషే ఇంకా ఐగుప్తులోనే సామాన్లు సర్దుకుంటూ ఉంటాడు. వెనకాల, ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందుకు వండిన కోడికూర రెండుసార్లు చల్లారి మూడోసారి పొయ్యి ఎక్కుతుంది.

ఆ ఏడాది ఆయనకు చూపు మందగించింది. రాసుకొచ్చిన కాగితాన్ని ముక్కుకు ఆనించి చదివేవారు. ఒక ఆదివారం అలా తడబడి యాకోబు భార్యను ఏశావుకిచ్చేశారు. ఈ సంగతి ఎవరు మోశారో గానీ పై సంఘం దాకా వెళ్ళింది. వార్షికోత్సవానికి పై సంఘం నుంచి పెద్దయ్యగారు వస్తున్నారని, అయ్యగారు చదవలేకపోతున్నారని తేలితే ఇంటికి పంపేసి కొత్తవారిని వేస్తారని కబురొచ్చింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆయన లేని చర్చికి నేను వెళ్ళగలనని ఏనాడూ అనుకోలేదు.

సంఘపెద్దలు కూర్చుని ఆలోచించారు. పెద్ద అక్షరాలతో కాగితాల మీద అచ్చు వేయిద్దామంటే ఆయన ప్రసంగానికి కట్టలు కట్టలు కావాలి, పైన ఫ్యాను తిరుగుతుంది, కాగితాలు ఎగిరితే నిర్గమకాండంలోకి ప్రకటన గ్రంథం వచ్చి పడుతుంది. చివరికి చర్చి కోశాధికారి యోహాను మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"ట్యాబ్ కొనీద్దాం. అచ్చరాలు ఎంతకావాలంటే అంత పెద్దవి సేసుకోవచ్చంట. మన కంప్యూటర్ పిల్ల ఉంది గదా, అదే సూసి తెస్తాది."

అందరూ నావైపు తిరిగారు. అంతమంది ఒకేసారి నన్ను నమ్మడం అదే మొదలు, చివర కూడాను. నేను తల పంకించాను. తెలియనిది అడిగినప్పుడు మేధావులు పంకించినట్టు పంకించాను.

ఇక్కడ మా నాన్నను మీకు పరిచయం చేయాలి. ఇక్కడి ఉక్కు ప్లాంట్‌లో, సామాన్లు కొని దాచే స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. మనిషి బయటికొచ్చాడు గానీ స్టోర్స్ ఆయనలోంచి బయటికి రాలేదు. నేను అప్పటికే ఫోన్‌లో ట్యాబ్‌లు చూస్తుంటే వెనక నిలబడ్డాడు.

"అలగ సూసీసి కొనీడవేనా? మూడు కొటేషన్లు నేకుండా మా స్టోర్స్‌లో సీపురు కూడా కొననేదు. కంపారిటివ్ స్టేట్‌మెంట్ తియ్యి, మూడూ పక్కపక్కన పెట్టి పట్టిక గియ్యి. ముందు టెక్నికల్, సరుకు మనకి పనికొస్తాదో నేదో. అందులో నెగ్గినోడికే రేటు సూడాల. ఎవడిది తక్కువైతే వాడికి ఆర్డరు."

"నాన్నా, ఇది ట్యాబ్. క్రేన్ కాదు."

"సంఘం సొమ్ము. రేపు ఎవడైనా ఏటమ్మా ఇదే ఎందుకు కొన్నావంటే నువ్వేటి సెప్తావు?"

చదివేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది చదివేశాక కొంచెం మిగిలింది, ఆ మిగిలింది కూడా ఆ పట్టికలో పోయింది. ధర, తెర, బ్యాటరీ, సాఫ్ట్‌వేర్, యాప్‌లు, కిందపడితే ఏమవుతుంది అని గడులు గీసి మార్కులు వేయడం మొదలుపెట్టాను.

మొదటి ట్యాబ్ పెద్దింటి కోడలు. అద్దం లాంటి తెర, ఎక్కడా నత్తనడక లేని సాఫ్ట్‌వేర్, ఏళ్ళ తరబడి కొత్త హంగులు వస్తూనే ఉంటాయి. స్మృతి నగర్‌లో ఉండే తన అల్లుడి దగ్గర అదే ఉందని యోహాను మావయ్యకు దానిమీద మహా మోజు. కానీ మా వాళ్ళంతా వాడే తెలుగు పాటల యాప్ దాంట్లోకి ఎక్కదు. ఆ యాప్ చేసినవాడు ఆ సాఫ్ట్‌వేర్‌కి చేయలేదు.

"అయితే టెక్నికల్‌లోనే అవుట్," అన్నాడు నాన్న.

"మా అల్లుడు దాంట్లో ఆఫీసంతా నడిపేస్తాడు బావా," అన్నాడు మావయ్య.

"మీ అల్లుడు పాటలు పాడతాడేటి?"

మావయ్య ఆలోచించి, పాడడని ఒప్పుకున్నాడు.

రెండోది మధ్యరకం. ధర ఫరవాలేదు, పాటల యాప్ చక్కగా ఎక్కుతుంది. మార్కెట్‌లో మొబైల్ షాపుకి వెళ్ళి చూపించమన్నాం. షాపు భయ్యా అందులో పాట తెరిచాడు. రెండో చరణం దగ్గర తెర నిండా పేకాట ప్రకటన దిగింది, డబ్బుల వానతో సహా.

"భయ్యా, యే క్యా హై?" అన్నాను.

"యాడ్ హై దీదీ. సస్తే మే ఇత్నా తో ఆయేగా," అన్నాడు అతను, తక్కువ ధరకి ఆ మాత్రం ప్రకటనలు తప్పవన్నట్టు.

పెద్దయ్యగారి ముందు పులిపీఠం మీద, అంటే ప్రసంగ వేదిక మీద, పేకాట ప్రకటన వస్తే ఒక్క అయ్యగారే కాదు, మా సంఘమంతా వెలి. దానికీ సున్నా పడింది.

మూడోది ఆన్‌లైన్‌లో దొరికింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు గదా, ఈ అల్లుడికి ఆ శని కూడా లేదు. అందరికన్నా చవక. పాటల యాప్ ఎక్కుతుంది. ప్రకటనలు అసలు రావు, పైగా రాకుండా గట్టి కాపలా ఉంది. అక్షరాలు బారెడు. గొంతు ఖంగుమంటుంది. చుట్టూ బొటనవేలంత మందాన పసుపుపచ్చ రబ్బరు, పైన పట్టుకోవడానికి పిడి. పేర్లూ బొమ్మలూ చూసి కొనేవాళ్ళు వేరు, మేము గడులు చూసి కొనేవాళ్ళం. అందుచేత తిన్నగా గడుల దగ్గరికే పోయాను.

ఆ రబ్బరు చూసి నాకు కొంచెం అనుమానం రాకపోలేదు. నాన్న కళ్ళు మాత్రం మెరిశాయి.

"పసుపు అంటే ఏటనుకున్నావు? సేఫ్టీ కలర్. మా హెల్మెట్లు ఏ రంగు? క్రేన్ హుక్కు ఏ రంగు? ఇది మిల్లులో వాడే షాప్ ఫ్లోర్ మోడలే. ఎత్తునుంచి పడినా సెక్కు సెదరదు."

"నలభై నిమిషాలు వాడాక దానంతటదే విశ్రాంతి తీసుకుంటుందని రాశాడు నాన్నా."

"రోలింగ్ మిల్లుకే షట్‌డౌన్ ఉంటాది. షట్‌డౌన్ నేని మెషీనే అనుమానం. దానికి పది మార్కులు వెయ్యి."

వేశాను. భిలాయిలో పుట్టి పెరిగినవాళ్ళకి షట్‌డౌన్ అంటే ఎక్కడలేని గౌరవం. ఆ విశ్రాంతేదో వారం మధ్యలో వీలు చూసుకుని తీసుకుంటుందిలే అనుకున్నాను. ఆదివారం పూట ఏ మెషీనైనా మన మాట వింటుందని నా నమ్మకం.

పెట్టె వచ్చింది. ట్యాబ్‌ను అయ్యగారింట్లో మొదటిసారి వెలిగించగానే, బాధ్యత గలవారు వేలిముద్ర వేయాలని అడిగింది. అయ్యగారు వేలు పెట్టబోతే నాన్న ఆపాడు.

"ఆపరేటర్ వేరు, ఇన్‌ఛార్జ్ వేరు. ఈ ఇంటికి ఇన్‌ఛార్జ్ ఎవరండీ?"

అయ్యగారు వంటింటివైపు చూశారు. అమ్మగారు, అంటే వారి భార్య, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వేలు పెట్టి వెళ్ళారు. తర్వాత నేను ప్రసంగమంతా బారెడు అక్షరాల్లో ఎక్కించాను. అయ్యగారు కళ్ళజోడు లేకుండా కాసేపు చదివి, నా తలమీద చెయ్యి పెట్టారు.

"నా కళ్ళు నాకు తిరిగిచ్చినావమ్మా," అన్నారు. ఆ రాత్రి నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

వార్షికోత్సవం నాడు చర్చి కిటకిటలాడింది. ముందు చాపల మీద సండే స్కూల్ పిల్లగుంటలు, ముందువరస కుర్చీలో పెద్దయ్యగారు, పెదవి విప్పని మనిషి. అయ్యగారు పసుపుపచ్చ పిడి పట్టుకుని, టిఫిను డబ్బా తెచ్చినట్టు ట్యాబ్‌ను తెచ్చి పులిపీఠం మీద మైకు పక్కన పెట్టారు. పిల్లలు దాన్ని చూసి ఒకరినొకరు పొడుచుకున్నారు. చర్చికి కొత్త వస్తువు వచ్చిందని ముచ్చటపడుతున్నారనుకున్నాను.

అయ్యగారు చదివారు చూడండి, నదిలా సాగిపోయారు. ఒక్క తడబాటు లేదు. పెద్దయ్యగారు కుర్చీలో ముందుకు వంగారు. యోనా ఓడ ఎక్కాడు, తుఫాను వచ్చింది, సముద్రంలో పడేశారు, చేప మింగింది. యోనా చేప కడుపులో చీకట్లో కూర్చున్నాడు. అయ్యగారు ఊపిరి తీసుకుని తరవాతి వాక్యం కోసం తెరవైపు చూశారు.

తెరమీద ఒక ఏనుగుపిల్ల వచ్చి ఆవలించింది. పక్కనే మైకు ఉంది గనుక దాంట్లోంచి వచ్చిన తేనెలొలికే ఆడగొంతు చర్చి అంతా, బహుశా ఖుర్సీపార్ అంతా వినబడింది.

"శాబాష్ బచ్చే! ఆజ్ కా సమయ్ పూరా హువా. చలో, అబ్ ఆంఖే బంద్ కరో."

ఈ రోజుకి నీ సమయం అయిపోయింది, ఇక కళ్ళు మూసుకో అని దాని భావం. చాపల మీద పిల్లలందరూ ఒక్కసారిగా టపీమని కళ్ళు మూసుకున్నారు. ఇళ్ళల్లో ఆ ఏనుగుపిల్ల మాట వినడం వాళ్ళకి అలవాటే మరి. పిల్లలు కళ్ళు మూసుకోవడం చూసి, ప్రార్థన మొదలైందనుకుని ఆడవాళ్ళు ముసుగులు సర్దుకుని తలలు వంచారు. ఆడవాళ్ళను చూసి మగవాళ్ళు వంచారు. అందరికన్నా చివర పెద్దయ్యగారు కూడా వంచారు. చర్చి మొత్తం మీద కళ్ళు తెరిచి ఉన్నది నేనూ, అయ్యగారూ, ఏనుగుపిల్లా.

నేను వంగి వంగి పులిపీఠం దగ్గరికి పాకాను. తెరమీద, తెరవాలంటే మమ్మీని పిలవమని రాసి ఉంది.

"ఏటమ్మా ఇది?" అన్నారు అయ్యగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి.

"పిల్లల ట్యాబ్‌లా ఉందండీ. అమ్మగారి వేలు కావాలి."

"యోనా లోపల ఉండిపోయినాడే."

అయ్యగారు ఆడవాళ్ళవైపు చూసి మెల్లగా పిలిచారు. "రత్నం, ఒక్కసారి ఇలా రా."

అమ్మగారు ఒక కన్ను తెరిచారు. పొయ్యిమీద కూర ఉంది. ఎన్నేళ్ళుగానో ఆ కూర చల్లారుతూనే ఉంది. ఆమె కుడిచేతిని మెల్లగా పమిటకొంగులోకి దోపుకున్నారు.

"నా వేలికి పసుపు అంటుకుపోనాదండీ. అది పట్టదు. ప్రార్థన సేసీండి."

అయ్యగారు చేసేదేమీ లేక కళ్ళు మూసుకుని రెండు ముక్కల్లో ప్రార్థన ముగించారు. ఆ చర్చి కట్టాక కోడికూర వేడిగా తిన్నది ఆ రోజే.

నేను విస్తరి ముందు కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. నా పట్టిక వల్ల అయ్యగారి ఉద్యోగం పోయిందని, రేపటినుంచి ఈ మొహం ఎక్కడ పెట్టుకోవాలని కుమిలిపోతున్నాను. ఇంటికెళ్ళి పెట్టె వెతికి నాన్నకు చూపించాలనుకున్నాను. పెట్టెను స్టోర్స్ పద్ధతిలో అడుగునుంచి కోశాడు కాబట్టి పైన ఉన్న రెండు పళ్ళ పసివాడి బొమ్మను మా ఇద్దరిలో ఎవ్వరం అప్పటిదాకా చూడలేదు. అంతలో పెద్దయ్యగారు చేతులు కడుక్కుని అయ్యగారి దగ్గరికి వచ్చారు.

"చూపు పోయిందన్నారు. ఒక్క అక్షరం తప్పకుండా చదివారు," అన్నారు ఆయన. "మనిషిని చేప కడుపులో వదిలేసి, ఆ గొంతు చేత ఇక కళ్ళు మూసుకుని నీ సంగతి చూసుకో అనిపించారే, ఆ చోట నాకు ఒళ్ళు జలదరించింది. పిల్లల దగ్గరనుంచి ఎంత క్రమశిక్షణ అండీ. మీరు ఓపిక ఉన్నంతకాలం ఇక్కడే ఉండండి."

అయ్యగారు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సంతోషం కొంత, సిగ్గు కొంత. పెద్దయ్యగారు వెళ్ళబోతూ వెనక్కి తిరిగారు. ముందువరసలో కూర్చున్న ఆయన చెవిన అమ్మగారి వేలి సంగతి పడనే పడింది.

"ఆ పసుపుపచ్చది కొన్న అమ్మాయి ఎవరు? మా పాస్టర్లలో గంటకు తగ్గకుండా చెప్పేవారు చాలామందే ఉన్నారు. వాళ్ళందరికీ అలాంటివే తెప్పించాలి. వాళ్ళ భార్యల వేళ్ళే పెట్టించమ్మా."

ఆ మాట విన్న పాస్టరమ్మల దగ్గరనుంచి సాయంత్రానికల్లా నాకు ఫోన్లు మొదలయ్యాయి.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరో రెండు ట్యాబ్‌లను పక్కపక్కన పెట్టి చూడను. ధర పోల్చను, సాఫ్ట్‌వేర్ తూచను, యాప్‌లు లెక్కపెట్టను, గడి అన్నది గీయను. దుకాణంలోకి వెళ్ళి మొదట ఏది చేతికి తగిలితే దాన్నే పట్టుకొస్తాను. అది పెద్దలదో పిల్లలదో, దేవుడి చిత్తం.