రఘుపతి సారు గైర్‌హాజరీ

మా రఘుపతి సారుకు ఒకటే పిచ్చి, హాజరీ. బడి గంట కొట్టగానే పట్టీ తెరిచి, పిల్లలకంటే ముందు తన పేరే పిలుచుకునేవాడు. "రఘుపతి." తనే లేచి నిలబడేవాడు. "హాజర్ సార్."

ఒకనాడు వాగు పొంగి ఆలస్యమైంది. తడి ధోవతితోనే తనకు తనే గోడకుర్చీ శిక్ష వేసుకుని పాఠం చెప్పాడు. ఆ పూట ఎక్కాలు వణుకుతూ వచ్చాయి. సొంత కూతురి పెండ్లినాడు కూడా బడికొచ్చాడు. ఇదేమని అడిగితే, "పెండ్లి దానిది, నౌకరి నాది" అన్నాడు.

నేను ఐలేశాన్ని, ఆ బడిలో రెండో పంతులును. నాకు సోమవారమంటే మంగళవారం సాయంత్రం. పట్టీలో నా పేరు పక్కన గైర్‌హాజర్ గీతలు దడి కట్టినట్టుండేవి. ఒక్కటన్నా చెరపమని బతిమాలితే, "నువ్వు రాకుంటె వచ్చినవని ఎట్ల రాస్త ఐలేశం? నా కలానికి అబద్ధం రాదు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో ఊరవతల మిలిట్రీ క్యాంపు పడింది. దొరల మీద తిరగబడ్డ సంఘం మనుషులు గుట్టలు పట్టారు. వాళ్ల పిల్లలు బడి ఎగ్గొట్టి తండ్రులకు బువ్వ మోసేవారు. ఆ సంగతి క్యాంపు జమేదారు పసిగట్టాడు. రేపొచ్చి ఈ నెల పట్టీ చూస్తానని, రాని పిల్లల ఇండ్ల మీద పడతానని కబురంపాడు. పట్టీలో గైర్‌హాజర్ పడ్డ పేర్లు పదకొండున్నాయి. సారు రాసిందంతా నిజమే.

మర్నాడు జమేదారు తెరిచేసరికి ఆ నెల పేజీ కొత్తది. పిల్లల పేర్లే లేవు. ఉన్నవి మా ఇద్దరివే, ఇద్దరికీ నెలంతా గైర్‌హాజరే.

పిల్లల హాజరీ ఏదని జమేదారు ఉరిమాడు.

"పంతులే రాకుంటె హాజరీ ఎవడు తీస్తడు? నేను కామ్‌చోర్‌ను. ఊర్ల అడుగుండ్రి" అన్నాడు సారు, తల ఎత్తే.

నావైపు తిరిగితే నేనూ రాలేదన్నాను. ఆ గదిలో నిజం చెప్పింది నేనొక్కడినే.

ఊళ్లో అడిగితే, పుల్లమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "గా సారు మొఖం చూసి నెల దాటింది" అని శాపనార్థాలు పెట్టింది. ఆమె కొడుకు ఆ పదకొండు మందిలో ఒకడు.

పిల్లలు దక్కారు. పని దొంగ అన్న మచ్చతో సారును అచ్చంపేట అవతలి అడవి బడికి బదిలీ చేశారు. నన్ను మందలించి వదిలేశారు. ఇంత అన్యాయం నేను చూడలేదు. సారు మాత్రం పోతూ పట్టీ నా చేతిలో పెట్టి, "రేపటి నుంచి నీ పేరు నువ్వే పిలుచుకో" అన్నాడు.

మర్నాడు గంటకు ముందే వెళ్లాను. పట్టీ తెరవగానే పుల్లమ్మ కొడుకు లేచి, "ముందుగాల రఘుపతి సారును పిలువుండ్రి" అన్నాడు.

పిలిచాను. బడంతా ఒక్కసారి లేచి నిలబడింది. "హాజర్ సార్."

అట్లాగే రాసుకున్నాను. ఆ పట్టీలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.