చివరి బెంచీలో సిరిసిల్ల సార్

నాకు ఆగడం రాదు. జగిత్యాల బస్టాండులో కోరుట్ల మీదుగా పోయే మెట్‌పల్లి బస్సు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రాకముందే ఒక కాలు ముందుకేసి నిలబడతాను. ఎదుటివాళ్లు మాట మొదలుపెడితే చివరి ముక్క నేనే అందిస్తాను. మా ఆయన గొల్లపల్లి దగ్గర పొలం చూసుకుంటాడు, నెమ్మది మనిషి. ఒకసారి ఇంటికి వచ్చి "మోటరు కాడ..." అన్నాడో లేదో, "స్టార్టరు కాలిపోయిందా? మెకానిక్‌కు ఫోన్ చేసిండ్రా?" అని అందుకున్నాను. మోటరు దగ్గర పాము కనబడిందని ఆయన చెప్పబోయాడట. ఆ సంగతి మర్నాడు పాలేరు చెబితే తెలిసింది.

ఇరవై ఏళ్లకు పైగా కోరుట్లలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతున్నాను. క్లాసులోనూ ఇదే తంతు. బోర్డు ఈ చివర మొదలుపెట్టి ఆ చివరకు చేరేసరికి పాఠం అయిపోవాలి. మధ్యమధ్య వెనక్కి తిరిగి "అర్థమైందా?" అంటాను. "అయింది మేడం" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది. ఆ మాట వింటే నాకు కడుపు నిండినట్టుండేది. పరీక్షల్లో నా పేపరే చాలామందికి పోయేది, అది వేరే సంగతి. ఇంగ్లీషు మీడియం పెట్టినప్పటి నుంచి పిల్లలు పుస్తకం తెరవడం లేదని, ఫోన్లు పాడు చేశాయని, కాలేజీకి సగం రోజులు రారని, నా దగ్గర కారణాలకు కొదవ లేదు.

ఈ ఏడాది కాలేజీలు తెరిచిన కొత్తలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కాలేజీల ఎకనామిక్స్ వాళ్లం కలిసి పనిచేయాలని అనుకున్నాం. ఒకే పాఠానికి మూడు ఊళ్లలో ముగ్గురం కూర్చుని మూడు నోట్సులు రాసుకోవడం దండగ కదా. స్లైడ్లు, ప్రశ్నలు, వీడియోలు ఒక్కచోట పెట్టుకుని అందరం వాడుకుందాం అన్నది ఆలోచన. దానికి ముందు జగిత్యాలలో ఒకరోజు శిక్షణ పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన "లెక్చర్ తగ్గించండి, విద్యార్థిని మాట్లాడనివ్వండి" అని పొద్దుటి నుంచి భోజనాల దాకా ఆపకుండా లెక్చర్ ఇచ్చాడు. చివర్లో "అర్థమైందా?" అని అడిగాడు. "అయింది సార్" అని అందరం ఒక్క గొంతుతో అన్నాం. బగారన్నం చల్లారిపోతుందని మా బాధ.

పంచుకోవడం నాకు ఇష్టమైన పనే. అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ స్లైడ్లు పెట్టింది నేనే. వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు వచ్చిపడ్డాయి. నా స్లైడ్లలో 'డిమాండ్ వ్యాకోచత్వం' పాఠం అందరికీ నచ్చింది. పేరుకు భయపడనక్కర్లేదు. ధర పెరిగితే జనం కొనడం ఎంత తగ్గిస్తారన్నదే ఆ పాఠం. మామిడిపళ్ల ధర మండిపోతే ఈసారికి చాల్లే అనుకుంటాం, ఉప్పు ధర పెరిగిందని కూరలో ఉప్పు మానం. నా పాఠాలన్నిటిలోకీ మంచి పాఠం అదేనని నాకు గట్టి నమ్మకం. ఆ పాఠాన్ని నా క్లాసులోనే రికార్డు చేసి మూడు కాలేజీల పిల్లలకూ చూపిద్దామని తీర్మానించారు. ఇన్నేళ్ల చాకిరీకి ఒక గుర్తు మిగులుతోందని నాకు లోలోపల గర్వం. ఆ రోజు కట్టుకోవడానికి చీర కూడా తీసిపెట్టుకున్నాను.

అయితే ఒక షరతు పెట్టారు. రికార్డింగుకు ముందు ఇంకో కాలేజీ వాళ్లు వచ్చి క్లాసులో చివరి బెంచీలో కూర్చుని చూడాలి. నా వంతుకు సిరిసిల్ల సార్ వచ్చాడు. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, నేతపని వాళ్ల కుటుంబం. మాట తక్కువ. మాట తక్కువ మనుషులను చూస్తే నాకు చేతులు కాళ్లు ఆడవు. వాళ్లు లోపల ఏమనుకుంటున్నారో తెలియదు, అందించడానికి ముక్క దొరకదు.

వేములవాడ మీదుగా బస్సులు మారి వచ్చాడు. పిల్లల మధ్యన సర్దుకుని కూర్చున్నాడు. పెన్ను తీయలేదు, ఫోను తీయలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం ఆ రోజు మామూలుకంటే జోరుగా చెప్పాను. ఉప్పు, మామిడిపండు, గ్రాఫు, ఫార్ములా. అర్థమైందా అంటే అయింది అన్నారు. బెల్లు కొట్టేసరికి బోర్డు ఆ చివరకు చేరాను. ఇంతకంటే ఏం కావాలి?

స్టాఫ్ రూములో టీ తెప్పించి "ఎట్లుంది సార్?" అన్నాను. ఆయన నోరు తెరిచేలోపే, "గ్రాఫు జర చిన్నగ పడ్డది, రికార్డింగు నాడు పెద్దగ వేస్త. ఆఖరుకు జర ఉరికిచ్చిన, సిలబస్ గట్లుంది, ఏం జేస్తం" అని నేనే అడిగి నేనే చెప్పుకున్నాను. నా మాటలన్నీ అయ్యేదాకా ఆయన టీ కప్పు పట్టుకుని ఆగాడు.

"మస్తు చెప్తరు మేడం మీరు. ఒక్క ముచ్చట అడుగుత, ఏమనుకోవద్దు."

"అడుగుండ్రి."

"క్లాసుల మస్తు క్వశ్చన్లు అడిగిండ్రు గద. అన్నిటికీ జవాబు మీరే చెప్పిండ్రు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పిల్లలు చెప్పేదాంక ఆగితె సిలబస్ ఎవరు చేస్తరు సార్? అయినా అందరు అర్థమైందంటిరి గద! మీరు ఇనలేదా?"

ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, మొహమాటం నవ్వు. "మా ఇంట్ల సాంచాలుండె మేడం" అన్నాడు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. "అవి నడుస్తుంటె మా నాయిన ఏం చెప్పినా మేం తల ఊపేటోళ్లం. ఒక్క ముక్క ఇనపడకపోయేది. సాంచె ఆగినంక, ఏమన్నవ్ నాయినా అని మళ్ల అడిగేటోళ్లం."

అంతే అన్నాడు. టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు. నేను ఆ కప్పు వంక చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్లగాడు నాకు చెప్పేవాడయ్యాడా అని ఒక పక్క, చెప్పిందాంట్లో తప్పేముందని ఇంకో పక్క. ఇంటికి వెళ్లగానే చెప్పులు విడవకుండానే మా ఆయనకు మొత్తం ఏకరువు పెట్టాను. ఆయన అంతా విని, నేను ఊపిరి తీసుకునే సందు చూసి అన్నాడు: "గా సారు మంచిగనే చెప్పిండు. నేను గూడ తల ఊపుడే గద."

ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. దానివల్ల ఆయనకు పెద్దగా ఇబ్బంది కలిగినట్టు లేదు.

తర్వాతి వారం సిరిసిల్ల సార్ క్లాసు చూడడం నా వంతు. నిజం చెబుతున్నాను, తప్పులు పట్టడానికే వెళ్లాను. సిరిసిల్లలో దిగి కాలేజీకి నడుస్తుంటే సందుల్లోంచి సాంచాల చప్పుడు. రేకుల షెడ్డు ముందు ఇద్దరు మనుషులు పక్కపక్కనే నిలబడి చేతులతో మాట్లాడుకుంటున్నారు. నేను తల తిప్పుకుని నడిచాను.

ఆ సార్ చెప్పింది కూడా అదే పాఠం. బోర్డు మీద ఏమీ రాయకుండా "ఉల్లిగడ్డ ధర రెండింతలైతె మీ ఇంట్ల ఏమైతది?" అని అడిగాడు. అడిగి, బల్ల మీద ఉన్న నీళ్ల సీసా మూత తీశాడు. నింపాదిగా తాగాడు. మూత పెట్టాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. చివరి బెంచీలో నా కాలు దానంతటదే ఊగడం మొదలైంది. జవాబు నా నాలుక చివర ఉంది. గట్టిగా దగ్గాను. పక్కనున్న అమ్మాయి నా వైపు వంగి "మీరు చెప్పకుండ్రి మేడం, సారు మమ్ముల్నే అడిగిండు" అని గుసగుసలాడింది. తల కొట్టేసినట్టయింది.

అప్పుడు ముందు వరసలోంచి ఒక అమ్మాయి "మా అమ్మ సగమే తెస్తది సార్, గని తెస్తది" అంది. "మేమైతె ఉల్లిగడ్డ లేకుంటనే పప్పుచారు చేసుకుంటం" అన్నాడు ఒకడు. "హోటల్ నడిపేటోళ్లు ఎట్ల మానుతరు?" అని వెనక నుంచి ఇంకొకరు. క్లాసంతా కలియబడింది. ఉల్లిగడ్డ మీద అంత గొడవ నేనెప్పుడూ చూడలేదు. అంతా అయ్యాక ఆయన లేచి బోర్డు మీద ఆ పెద్ద పేరు రాశాడు. అప్పటికి ఆ పేరు అవసరం పిల్లలకు తెలిసిపోయింది. నాకు అసూయ కలిగింది. ఆ పీరియడులో ఆయన నేను చెప్పేదాంట్లో సగం కూడా చెప్పలేదని లెక్కేసుకుని కొంచెం తృప్తి పడ్డాను. ఆ తృప్తి వేములవాడ దాకా కూడా నిలవలేదు.

రికార్డింగు రోజు వచ్చింది. జగిత్యాల కాలేజీ మేడం ఫోను, స్టాండు పట్టుకుని వచ్చింది. నేను తీసిపెట్టుకున్న చీర కట్టుకున్నాను. పిల్లలు కూడా తలలు దువ్వుకుని వచ్చారు. ఆమె చెయ్యి ఊపగానే మొదలుపెట్టాను. అలవాటైన నోరు కదా, బండి దానంతటదే పోతోంది. ఉప్పు, మామిడిపండు, గ్రాఫు. ఈసారి పెద్దగానే వేశాను.

"అర్థమైందా?"

"అయింది మేడం."

అందరిలోకీ పైకి వినబడేది రెండో బెంచీ అమ్మాయి గొంతు. ఎప్పుడూ అంతే. ఆ గొంతు వింటే నాకు భరోసా. ఆ రోజు మాత్రం అది వినగానే రేకుల షెడ్డు, తలలు ఊపే పిల్లలు కళ్ల ముందుకొచ్చారు. ఫార్ములా రాయడానికి ఎత్తిన చెయ్యి దింపేశాను.

"ధర పెరిగినా ఉప్పు కొనుడు ఎందుకు తగ్గియ్యం? ఎవరన్న చెప్పుండ్రి" అన్నాను. అని, వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

నేను క్లాసులో కూర్చోగా ఆ పిల్లలు ఎన్నడూ చూడలేదు. నాకూ ఆ కుర్చీ కొత్తే. ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరో పెన్ను మూత టిక్కు టిక్కుమనిపించి ఆపేశారు. జవాబు గొంతులోకి వచ్చింది, మింగాను. మళ్లీ వచ్చింది. చేతులు ఏం చేస్తాయోనని తొడల కింద పెట్టుకున్నాను. అప్పుడు ముందు బెంచీ అమ్మాయి లేచి నిలబడింది.

"పాణం మంచిగ లేదా మేడం?"

ఇంకొకరు నీళ్ల సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. ఫోను వెనక నుంచి జగిత్యాల మేడం కూడా కంగారుగా తల ఎత్తింది.

"నాకేం కాలేదు. మీరు చెప్తరని కూసున్న" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎప్పటికో రెండో బెంచీ అమ్మాయి లేచింది, ఆ గట్టి గొంతు అమ్మాయే. ఇప్పుడు గొంతు పైకి రావడం లేదు.

"అర్థం కాలే మేడం."

"ఏది? గ్రాఫా? గిటు సూడు, ధర గిటు పోతె..." చాక్‌పీసు పట్టుకుని అప్పటికే సగం లేచాను. తెలివి తెచ్చుకుని మళ్లీ కూర్చున్నాను. "చెప్పు బిడ్డా. ఎక్కడికెల్లి అర్థం కాలే?"

ఆ పిల్ల పక్కవాళ్లను చూసింది. వాళ్లు తలలు దించుకున్నారు.

"మొదటి దినం సంది మేడం."

ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది, తిట్టడానికి ఎవరో ఒకరు దొరికేవారు.

"మరి రోజూ అయిందంటరు గద?"

"గట్లంటెనే మీరు ఊకుంటరు మేడం."

సిగ్గేసింది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అన్నిటికంటే ఎక్కువ ఏడుపొచ్చింది. ఇన్నేళ్లుగా నా కడుపు నింపిన మాట, పిల్లలు నా నోరు మూయించడానికి అన్న మాట.

జగిత్యాల మేడం స్టాండు దగ్గర నుంచి మెల్లగా వచ్చి, నా చెవి దగ్గర "గిది కట్ చేసి మొదటి నుంచి తీద్దామా మేడం? పిల్లలకు ముందుగాల చెప్పి పెడ్దాం" అంది. పాపం, నా మంచికే అంది. ఇంకెప్పుడైనా అయితే నేను ఆమె మాట పూర్తికాకముందే "సరే" అనేదాన్ని. ఆ సరే నోటిదాకా వచ్చింది కూడా. మూడు కాలేజీల పిల్లలు, మూడు కాలేజీల లెక్చరర్లు ఈ చీరలో, ఈ కుర్చీలో నన్ను చూస్తారు. రెండో బెంచీ పిల్ల ఇంకా నిలబడే ఉంది. నేనేమంటానోనని చూస్తోంది.

"వద్దు. ఈ పిల్ల ఒప్పుకుంటె గిదే పెడ్దాం" అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది. తల ఊపడం మీద నాకు నమ్మకం పోయింది. అందుకని ఆగాను. "పెట్టుండ్రి మేడం" అని నోటితో అన్నాక, లేచి బోర్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా తుడిచేశాను. చీర కుచ్చిళ్ల మీదంతా సుద్దపొడి పడింది.

"ఇంట్ల ఉప్పు ఎవరు తెస్తరు?" అని అడిగి మళ్లీ కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

ఎవరూ వెంటనే చెప్పలేదు. నేనూ చెప్పలేదు.