ఉత్తరం కాలు

మా పనిలో అందరికంటే ముందు దిగినవాళ్ళకు ఒక సుఖం ఉంది. ఏం తప్పు చేసినా పట్టుకునేవాళ్ళు ఉండరు. విజయనగరంలో నేను కంప్యూటర్ మీద బొమ్మలు చేయడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక బట్టలకొట్టు పేరును తెర మీద గిర్రున తిప్పితే చాలు, జనం నోరు తెరుచుకుని చూసేవారు. ఆ ఒక్క తిరుగుడికి యంత్రం రెండు రోజులు గింజుకునేదని నేనెవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కళ్ళకు పెట్టుకునే హెడ్‌సెట్లు వచ్చాయి. మా వైపు వాటితో మొదట కుస్తీ పట్టినదాన్ని నేనే. ఈమధ్య ఒక పత్రికవాళ్ళు నన్ను ఈ రంగానికి మార్గదర్శి అని రాశారు. మా అక్క అది చదివి, రైలు దిగితే మా ఇంటికి దారి తెలియదు గానీ ఇది ఊరందరికీ దారి చూపిస్తుందట అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. కానీ అది నిజమే.

మొదటినుంచీ నాకు ఒకటే ఆరాటం. ఎదురుగా లేనిదాన్ని మనిషి ఏ క్షణంలో నమ్ముతాడు? అది పట్టుకోవాలని ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. హెడ్‌సెట్ పెట్టుకోగానే ఎవరు ఏమంటే అది రాసేదాన్ని. రామతీర్థం కొండనూ, అక్కడి పాత బౌద్ధుల ఇటుక కట్టడాలనూ హెడ్‌సెట్‌లో కనబడేలా తయారుచేసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు చూపించినప్పుడు, రైతుల్లో సగంమంది ముందు అడిగింది తూర్పు ఎటు అని. వాస్తు పిచ్చి కాబోలు అనుకున్నాను. కళ్ళు తిరుగుతున్నాయని దాన్ని తీసేసినవాళ్ళలో కూడా వాళ్ళే ఎక్కువ. బొమ్మ నెమ్మదిగా కదలడం వల్లేమోనని యంత్రం మార్చాను. అయినా తిరిగాయి. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

అలా ఉండగా మా బావకు పక్షవాతం వచ్చింది.

అక్కనిచ్చింది కోటబొమ్మాళి దగ్గర పల్లెలో. బావ వరి రైతు. మాటకు ముందు ఒక వెక్కిరింత ఉంటుంది ఆయనకు, నాకు పెళ్ళయ్యాక కూడా నా జడ లాగడం మానలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక మాట బాగానే ఉంది, వెక్కిరింతా బాగానే ఉంది. పోయింది ఎడమవైపు. చెయ్యీ కాలూ పడిపోలేదు, కొంత బలం తిరిగి వచ్చింది కూడా. కానీ ఎడమ అనేది ఒకటుందని ఆయనకు గుర్తులేదు. కంచంలో కుడివైపున్న అన్నం తినేసి, ఎడమవైపున్న కూర కనబడక, కూర వెయ్యలేదేమని అక్క మీద కేకలేసేవాడు. గడ్డం సగమే గీసుకునేవాడు. గుమ్మం దాటితే ఎడమ భుజం కొట్టుకునేది. డాక్టరుగారు కాలికి సత్తువ ఉందనీ, ఆ కాలుందన్న ధ్యాసే లేదనీ, ఎడమవైపు చూడడం అలవాటు చేయించమనీ చెప్పారు. దాంతో ఇంటిల్లిపాదీ పొద్దస్తమానం ఎడమ, ఎడమ అని అరవడమే. ఆయన విసుక్కునేవాడు గానీ తిరిగేవాడు కాదు.

ఒకరోజు మంచం మీదనుంచే తేల్చేశాడు. ఈ ఏడు ఉడుపులనాటికి, మళ్ళలో వరినాట్లు పడేనాటికి, తన కాళ్ళతో నడిచి వెళ్ళి గట్టు మీద నిలబడలేకపోతే, చేను కౌలుకిచ్చేయమన్నాడు. మంచంలోంచి పురమాయించే రైతు రైతే కాడన్నాడు. అక్క వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. పెళ్ళయిన నాటినుంచీ అది కూడా ఆ మడిలో నడుం వంచినదే. నేను బడాయికి పోయి, నాకు వదిలెయ్యండి, నేను నడిపిస్తానన్నాను. అన్నాక భయం వేసింది.

ఇంటికి తూర్పున ఉంది చేను. పెరటి తలుపు దగ్గరనుంచి మడిగట్టు దాకా అడుగడుగునా ఫొటోలు తీశాను. తాటిచెట్లు కొలిచాను. గట్టు మీద జారుడు చోట్లు కూడా వదలలేదు. కుర్చీలో కూర్చునే ఆ దారంతా కళ్ళముందు నడిచినట్టుండాలి. మధ్యమధ్య నా గొంతుతో, ఎడమవైపు చూడండి, ఎడమ కాలు వేయండి అని వినబడాలి. డాక్టరుగారిని అడిగితే, కూర్చోబెట్టి కాసేపే అయితే చేయించమన్నారు.

హెడ్‌సెట్ చూసి బావ, కళ్ళకు గంతలు కట్టడానికి నేనేమన్నా గానుగెద్దునా అన్నాడు. బతిమాలి పెట్టాను. పెట్టీ పెట్టగానే కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇది మన చేను కాదు, తీసెయ్యమన్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఒక్కొక్క తాటిచెట్టూ కొలిచి పెడితే, కాదంటాడేమిటి?

"ఏటే మరదలా, పొద్దు దచ్చినాన పొడిసినాదేటి?" అన్నాడు.

నేను బిక్కమొహం వేశాను. అక్క ముందు కుర్చీని చూసింది, తర్వాత నన్ను జాలిగా చూసింది. కరెంటు ప్లగ్గు దగ్గరగా ఉంటుందని కుర్చీని దక్షిణం గోడకు ఎదురుగా వేశాను. బావ కళ్ళకేమో తూర్పున పొడుస్తున్న సూర్యుణ్ణి ఎదురుగా చూపిస్తున్నాను. గంతలు కట్టినా, ఆయన ఒంటికి తాను ఎటు తిరిగి కూర్చున్నాడో తెలుసు. ఒళ్ళు దక్షిణమంటే కళ్ళు తూర్పంటున్నాయి. రామతీర్థం రైతులకు తల ఎందుకు తిరిగిందో అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్ళూ యంత్రాలు మార్చాను గానీ కుర్చీ తిప్పలేదు! ఆ ఇంట్లో ఎప్పుడూ తూర్పుపక్కకి జరుగు, ఉప్పు పడమటి గూట్లో ఉంది అంటారే గానీ కుడీ ఎడమా అన్నవాళ్ళు లేరు. నేను పుట్టింది కూడా అలాంటి ఇంట్లోనే. పట్నం వెళ్ళి మరిచిపోయాను.

కుర్చీ తూర్పుకు తిప్పి మళ్ళీ పెట్టాం. ఈసారి బావ కుర్చీ చెయ్యి పట్టుకోలేదు. కాసేపటికి, రెండో తాటిచెట్టు దగ్గర గట్టు తెగినాది, ఎవరూ కట్టలేదేమని అడిగాడు. అది ఆయన చేనే అయింది. కానీ నా గొంతు ఎడమవైపు చూడండి అన్నప్పుడల్లా ఆయన కుడివైపే చూస్తున్నాడు. ఆ బొమ్మే నా లాప్‌టాప్ మీద కూడా కనబడుతుంటే, అక్క పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ చూస్తోంది.

"ఉత్తరం పక్క కొంగలున్నాయి, సూడు," అంది మామూలుగా.

బావ మెడ తిరిగింది. ఎడమకు. పూర్తిగా తిరిగింది. ఒకటి, రెండు, మూడు అని కొంగల్ని లెక్కపెట్టాడు.

అక్క చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నేను ఆపుకోలేక ఏడ్చేశాను. ఆయనలో ఎడమ పోయింది గానీ ఉత్తరం పోలేదు. ఎందుకు పోలేదో డాక్టరుగారు కూడా తేల్చి చెప్పలేకపోయారు. అందరికీ ఇలా కుదురుతుందనుకోవద్దు, ఈయనకు కుదిరింది కనక కానివ్వండి అన్నారు. ఆ రోజే నా గొంతు తీసేసి అక్క గొంతు పెట్టాను. ఉత్తరం పక్క చూడు, ఉత్తరం కాలు ముందెయ్యి. రోజూ కుర్చీలో కాసేపు, ఆ తర్వాత అక్క భుజం పట్టుకుని పెరట్లో తూర్పు ముఖంగా కాసేపు. నాలుగడుగులు పది అయ్యాయి. కొన్ని రోజులు పది మళ్ళీ రెండయ్యేవి. అటువంటి రోజున బావ కౌలు మాట మళ్ళీ ఎత్తేవాడు.

ఉడుపులరోజు పొద్దున్నే హెడ్‌సెట్ లేకుండా బయల్దేరాం. గట్టు సన్నం, రెండువైపులా బురదే. అక్క ఆయనకు ఉత్తరం పక్కన, పాదాలు బురదలో పెట్టుకుని నడిచింది. ఉత్తరం కాలు, ఉత్తరం కాలు అంటూనే ఉంది. రెండుసార్లు తూలాడు. వెనకనుంచి నేను నడుం పట్టుకోబోతే కసిరాడు. చివరికి గట్టు మీద నిలబడ్డాడు. మళ్ళలో ఉన్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. ఆయన వాళ్ళను పలకరించకుండా, ఆ మూల నారు పలచగా వేస్తున్నారని తిట్టాడు. అక్క పమిటచెంగుతో మొహం తుడుచుకుంది.

నాటేవాళ్ళకు అంబలి పోయడానికి అక్క ఉండిపోయింది. బావను ఇంటికి తీసుకెళ్ళడం నా వంతు. అక్క నడిచినట్టే నేనూ బురదలో దిగి, దానిలాగే అనడం మొదలుపెట్టాను. ఉత్తరం కాలు బావా, ఉత్తరం కాలు. ఆయన ఆగిపోయాడు. కుడికాలు ముందుంది, రెండోది కదలడం లేదు. మరోసారి అన్నాను. కదల్లేదు. ఎండ ఎక్కుతోంది, చుట్టూ ఎవరూ లేరు. అలిసిపోయాడేమో, మళ్ళీ ఆ కాలును మరిచిపోయాడేమో అనిపించింది. ఈ గట్టు మీదనుంచి ఈయన్ని ఎవరు మోస్తారనుకున్నాను.

బావ నావైపు తిరిగాడు. నేను ఆయనకు ఎడమపక్కనే ఉన్నాను.

"ఇంటికెల్లీటప్పుడు అది దచ్చినం కాలే, ఎర్రిదానా," అని ఎడమకాలు ముందుకు వేశాడు.