ఇక్కడ చూపడం లేదు

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఏళ్ల తరబడి గొంతులో అడ్డంపడి ఉన్నదాన్ని ఇవాళ కక్కేస్తున్నాను. జాలి పడకండి. నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

రాజమండ్రిలో కాలేజీ పిల్లలకు బయాలజీ చెబుతాను. అంతకుముందు పరిశోధన చేశాను. మన రక్తంలోని బి కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి. వాటిని తయారుచేయించే జన్యువులు ఒంట్లో మిగతా కణాల్లోనూ ఉన్నాయి; మరి బి కణంలోనే ఎందుకు పనిచేస్తాయి? పక్కనున్న డీఎన్ఏ ముక్క మీద కొన్ని ప్రోటీన్లు వచ్చి కూర్చుంటేనే అవి మేలుకుంటాయి. అలాంటి కొత్త ప్రోటీన్‌ను నేను కనిపెట్టానన్నారు. జెల్ అనే మెత్తటి పలకలో కరెంటు పెట్టి డీఎన్ఏని నడిపిస్తే, ప్రోటీన్ అంటుకున్నది మెల్లగా కదిలి, పైన ఒక గీతలా, అంటే బ్యాండ్‌లా కనిపిస్తుంది. సంబంధం లేని డీఎన్ఏ ఎంత కలిపినా ఆ బ్యాండ్ నిలవాలి. పోయిందంటే, ఆ ప్రోటీన్ దేనికి పడితే దానికి అతుక్కుంటోందన్నమాట.

నాది పోయింది. మళ్లీ చేశాను. మళ్లీ పోయింది. జెల్ ఫొటోలో బ్యాండ్ పోయిన ఆ వరుస కత్తిరించేశాను. అచ్చయిన పరిశోధన పేపర్లో మాత్రం బ్యాండ్ నిలిచిందనీ, ఆ ఫలితం ఇక్కడ చూపడం లేదనీ రాశాను. మా రంగంలో అలా రాయడం మామూలే, ఎవరూ అడగరు. డాక్టరేట్ వచ్చింది. ఇంకొన్నాళ్లు ఆ ల్యాబ్‌లోనే ఉన్నాను.

నా తర్వాత ల్యాబ్‌కి పెద్దాపురం నుంచి సుగుణ వచ్చింది. నా ఫలితం మీదే తన పని మొదలుపెట్టింది. ఓ మధ్యాహ్నం మొహమాటపడుతూ అడిగింది.

“అక్కా, వేరే డీఎన్ఏ కలిపితే నాకు బ్యాండ్ పోతోందండి. మీకు నిలిచిందాండి?”

“నిలిచింది. నీ చేతికే నిలకడ లేదు. ముందు ప్రోటీన్‌ని ఐస్ మీద ఉంచడం నేర్చుకో.”

ఎంత పొగరు! మా గైడ్ గారు అడిగితే ఆయనకూ అదే చెప్పాను. ఆయన మాత్రం తక్కువ తిన్నారా? నన్ను పిలిచి ఆ జెల్ ఒక్కసారి తన కళ్లముందు చేయమనలేదు. ఆడలేక మద్దెల ఓడంటోందని సుగుణని చూసి అందరిలో నవ్వేశారు. సుగుణ పీహెచ్‌డీ వదిలేసి వెళ్లిపోయింది. ఆయన్ని తిట్టుకుంటే నా పాపం తగ్గుతుందా? అయినా తిట్టుకుంటూనే ఉన్నాను.

మొన్న సుగుణ తన కూతుర్ని మా కాలేజీలో చేర్చడానికి వచ్చింది. నన్ను చూసి ఎంత సంబరపడిందో! అక్క పని చాలా నీటుగా ఉంటుందనీ, తనకే ఆ చేయి అబ్బలేదనీ కూతురికి చెప్పింది. దీనికైనా నేర్పండి అని నన్ను బతిమాలింది. నేను నవ్వి టీ తెప్పించాను. టీ! అప్పుడైనా నోరు విప్పొచ్చుగా? పిల్ల ముందు బాగుండదనుకున్నానట. ఛీ, నాకు సాకులకేం కరువు!

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెప్పాను. సుగుణ చేతుల్లో ఏ లోపమూ లేదు. ఆమె చూసిందే నిజం, నేను రాసింది అబద్ధం. ఇది రాశాక గుండె కాస్త తేలికపడింది. అలా తేలికపడినందుకూ సిగ్గుగానే ఉంది.