దూలం దిగలేదు, నేల లేచింది

హొరేస్ డాబ్సన్‌కి ఒకటే రోగం. మా ‘కుంటి గుర్రం’ పబ్బులోకి అడుగుపెట్టిన ప్రతివాణ్ణీ గుమ్మంలోనే ఆపి, కాళ్ల కింది రాళ్ల గురించి తిట్టేవాడు. చర్చి ఫాదరైనా సరే.

"ఆగక్కడ! కింద చూడు! దేన్ని తొక్కుతున్నావో తెలుసా?"

పాపం, వచ్చినవాడు కింద చూసేవాడు.

"రెండొందల ఏళ్ల రాయి! బురద బూట్లతో ఊరేగుతున్నావు!"

నేను కాలేజీ మానేసి అక్కడ బీరు పోసే పనిలో చేరాను. మొదటిరోజే నాకూ అదే మర్యాద జరిగింది. ఒళ్లు మండి, "రాళ్లున్నది తొక్కడానికేగా తాతా?" అన్నాను.

"చదువు మానేసిన నోరు!" అన్నాడు.

గుమ్మం దాటగానే బాగా కిందికి ఒక దూలం ఉంది. దాన్ని చూసి "పూర్వం మనుషులు పొట్టివాళ్లు కాబోలు" అన్నవాడి పని అయిపోయినట్టే.

"మా ముత్తాత ఆరడుగులు! దూలం దిగలేదయ్యా, నేల లేచింది! వరదొచ్చినప్పుడల్లా పాత రాళ్లమీదే కొత్తవి పరిచారు, మూడుసార్లు!"

"పాత ఓడ దూలమటగా?" అన్నవాడికైతే బీరు నురగ చచ్చేదాకా పాఠం. "సముద్రం అరవై మైళ్లు! ఓడ నడిచొచ్చిందా?"

ఒక శనివారం పెళ్లివారిని తిట్టాడు. పెళ్లికూతురి తల్లి అందర్నీ వెనక్కి తిప్పుకుపోయింది. ముప్ఫై భోజనాలు మట్టిపాలు. యజమానురాలు మేవిస్ భగ్గుమంది.

"ఇక రావద్దు హొరేస్!"

నలభై ఏళ్లుగా ఆ గుమ్మం పక్క కుర్చీ అతనిది. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పీడ వదిలిందనుకోవాల్సింది పోయి, నాకెందుకో మేవిస్ మీద కోపమొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఏడుగురికి బొప్పి కట్టింది. ‘తల జాగ్రత్త’ అని దూలానికి బోర్డు కొట్టాం. అది చదవడానికి తలెత్తి నడిచినవాళ్లకి నుదుళ్లే చిట్లాయి. అప్పుడు వెలిగింది మాకు.

మేవిస్ నన్ను లాక్కుని అతనింటికి పరిగెత్తింది. "తిట్టేది దూలం కోసమని ఒక్క ముక్క చెప్పొచ్చుగా మహానుభావా?"

"మొదట్లో తల జాగ్రత్త అనే చెప్పేవాణ్ణి," విసుక్కున్నాడు హొరేస్. "జాగ్రత్త అంటే ప్రతి వెధవా తలెత్తి చూస్తాడు. తిడితేనే దించుకుంటాడు."

కోటు వేసుకుని మా వెంట బయల్దేరాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే మా బోర్డు కంటబడింది.

"నా దూలానికి మేకులా! ఏ దరిద్రుడు..." తలెత్తి రంకెలేస్తూ దూసుకొస్తున్నాడు.

"ఆగు తాతా!" అరిచాను. "కింద చూడు! దేన్ని తొక్కుతున్నావో తెలుసా?"

"నాకే చెబుతావట్రా!" అంటూనే కింద చూశాడు. దూలం దాటేశాడు.